క్లాడియన్ ప్రశస్తులు - స్టిలికో చరిత్రము

ప్రశస్తికావ్యము చరిత్రకుఁ బ్రమాణమగునా కాదా యనునది పండితులలో నెడతెగని వివాదము. ప్రభువు నన్నము దినిన కవి యా ప్రభువును బొగడుట సహజము గావున నతని మాట విశ్వాసార్హము కాదని కొందఱందురు. సమకాలికుఁడై కన్నులారఁ జూచినవాఁడు గావున నతని సాక్ష్యమును మించినది లేదని మఱికొందఱందురు. ఈ రెండు పక్షములును దొందరపాటుతోఁ గూడినవే. మొదటివారు కావ్యమును జదువకయే త్రోసివేయుదురు. రెండవవారు చదివినదెల్ల నమ్ముదురు. చదువవలసిన తెఱఁగు వేఱొకటి కలదు. దానిని నిరూపించుటకుఁ బశ్చిమ రోమను సామ్రాజ్యమును క్రీ. శ. 395 మొదలు 408 వఱకు నడపిన సేనాధిపతి స్టిలికో చరిత్రము మిక్కిలి యనువైనది. ఆ పదుమూఁడేండ్లలో మొదటి తొమ్మిదేండ్లు క్లాడియన్ అను కవి యతని నాశ్రయించి కావ్యములు వ్రాసెను. అతఁడు చచ్చినపిమ్మట శత్రువులు వ్రాసిన దూషణములును నిలిచియున్నవి. ఒక్క మనుష్యుని గూర్చి యింత పొగడ్తయు నింత తెగడ్తయు నేకకాలమున దొరకుట యరుదు.

వ్యాకరణశాస్త్రమున నొక న్యాయము కలదు. ప్రసక్తి యున్నచోటఁ గాని ప్రతిషేధము పొసఁగదు. ఒక కార్యము ప్రాప్తింపనిచోట దానిని వలదనుట వ్యర్థము. సూత్రకారుఁడు వ్యర్థముగా నొక యక్షరమైనను బలుకఁడు. కావున నిషేధము కనఁబడినచోట నా కార్యము వేఱొక విధమునఁ బ్రాప్తించియుండెనని గ్రహింపవలెను. ఇట్టిదానినే వైయాకరణులు జ్ఞాపకమందురు. ప్రశస్తికావ్యమునకును నీ న్యాయమే చెల్లును. తన ప్రభువు పిఱికివాఁడు కాఁడని కవి పలికెనేని, పిఱికివాఁడని యెవ్వరో యనియే యుండవలెను. ఎవ్వరు నడుగనట్లు తోఁచుచోటఁ గారణము చెప్పెనేని, ఆ ప్రశ్న సభలోఁ బుట్టియే యుండవలెను. అయినను దీనికొక హద్దు కలదు. జ్ఞాపకమువలన నింద పుట్టినదని మాత్రమే తేలును; ఆ నింద సత్యమని తేలదు. సత్యాసత్యములకు వేఱు సాక్ష్యము కావలెను.

స్టిలికో తండ్రి వాండలు జాతివాఁడు. వాలెన్స్ చక్రవర్తి కొలువున నాశ్వికదళమున నధికారిగా నుండెను. తల్లి రోమను స్త్రీ యని యూహింపఁబడుచున్నది. స్టిలికో యౌవనముననే, ఇంచుమించు 383-384 ప్రాంతమున, పారసీక రాజునొద్దకుఁ బోయిన దౌత్యమునఁ బాలుగొనెను. పిమ్మటఁ జక్రవర్తి థియొడోసియస్ తాను కూఁతునుగాఁ బెంచుకొనిన సోదరపుత్రిక సెరీనాను అతని కిచ్చి వివాహము చేసెను. అన్యజాతివాని కొడుకు రాజబంధువయ్యెను. 394 సెప్టెంబరున ఫ్రిజిడస్ నదియొద్ద థియొడోసియస్ తన ప్రత్యర్థి యగు యుజీనియస్‌ను గెలిచిన యుద్ధమున స్టిలికోయు సేనానులలో నొకఁడు. 395 జనవరి 17వ తేదీని మిలాను నగరమున థియొడోసియస్ మృతినొందెను. పెద్దకొడుకు ఆర్కేడియస్ కాన్‌స్టాంటినోపిలునఁ దూర్పు రాజ్యమునకును, పదేండ్ల బాలుఁడగు హొనోరియస్ పడమటి రాజ్యమునకును బ్రభువులైరి. పడమటి సేన యంతయు స్టిలికో చేతిలో నుండెను.

క్లాడియన్ ఈజిప్టు దేశమునందలి అలెగ్జాండ్రియావాఁడు. అతని మాతృభాష గ్రీకు. అయినను లాటిను భాషను బరిశ్రమచేసి సాధించి, ఆ భాషా ప్రాచీనకవుల సరసను నిలువఁదగిన ధారను సంపాదించెను. 395లో రోమునఁ గాన్సలు పదవి నొందిన యిద్దఱు సోదరులను బొగడి పేరొంది, యనతికాలముననే మిలాను కొలువు చేరెను. హొనోరియస్ కాన్సలైన సందర్భములందుఁ బ్రశస్తులు, తూర్పు మంత్రులగు రూఫినస్, యుట్రోపియస్‌ల మీఁదఁ దూషణకావ్యములు, ఆఫ్రికా యుద్ధమును గూర్చి యొకటి, 400లో స్టిలికో కాన్సలు కాఁగా మూఁడు సర్గల ప్రశస్తి, 402లో గోతుల యుద్ధమును గూర్చి యొకటి - ఇవి యతని ముఖ్య కృతులు. ఇంచుమించు 400 ప్రాంతమున రోమునందలి ట్రేజను ప్రాంగణమున నతని కంచువిగ్రహము నిలిపిరి. విగ్రహము నశించినను బీఠముమీఁది శాసనము నిలిచి నేపుల్సు నగరమున నున్నది. కవికి రాజవీథిని విగ్రహము నిలిపిన కొలువు, అతని మాటను గేవల వినోదముగా నెంచలేదని యిందువలన స్పష్టము.

ఇఁక మొదటి జ్ఞాపకము. థియొడోసియస్ చచ్చునపు డిద్దఱు కొడుకులను దనకే యప్పగించెనని స్టిలికో చెప్పుకొనెను. హొనోరియస్ బాలుఁడు గావున నతని విషయమున సందేహము లేదు. ఆర్కేడియస్ పదునెనిమిదేండ్ల ప్రాయమువాఁడు, కొన్నియేండ్లుగాఁ జక్రవర్తి బిరుదము ధరించినవాఁడు. అతనికి సంరక్షకుఁడేల? 396 జనవరిలోఁ జదివిన ప్రశస్తిలోఁ గవి యా యవసానదృశ్యమును వర్ణించుచు, చక్రవర్తి యందఱను గదినుండి వెలికిఁ బొమ్మని స్టిలికో యొక్కనితో మాటాడి యిద్దఱు కొడుకుల నప్పగించెనని చెప్పెను. రసదృష్టితోఁ జూచిన నది గంభీరమైన ఘట్టమే. కాని యందఱను వెలికిఁ బంపవలసిన యవసరము కథకు లేదు. పదుగురెదుట నప్పగించినచో గౌరవ మింకను హెచ్చును. సాక్షులు లేరు గావుననే కవి సాక్షులను వెలికిఁ బంపెను. మిలాను బిషప్పు ఆంబ్రోజు 395 ఫిబ్రవరిలోఁ జేసిన చరమప్రసంగమునఁ జక్రవర్తి తన కొడుకులను సమీపమున నున్న బంధువున కప్పగించుటకంటె వేఱు క్రొత్త యేర్పాటు చేయలేదని సూచించెను. కావున స్టిలికో మాట కొంత యాధారము గలదే. ఆ యాధారము స్పష్టమైన యధికారపత్రము కాదు. కవి పద్య మా లోపమును గప్పఁబోయి చూపినది.

రెండవ జ్ఞాపకము దీనికంటె బలవత్తరమైనది. గోతుల నాయకుఁడు అలారిక్ స్టిలికో చేతికిఁ జిక్కినట్లే చిక్కి నాలుగుమాఱులు తప్పించుకొనెను. 395లో థెస్సలీ దేశమున నిరువురి సేనలు నెదురుపడినపుడు, తూర్పు సేనలను వెంటనే యంపవలసినదని ఆర్కేడియస్ పేర రూఫినస్ పంపిన యాజ్ఞ వచ్చినదనియు, స్టిలికో దానికిఁ దలయొగ్గెననియుఁ గవి చెప్పును. 397లోఁ బెలొపొనీససు ద్వీపకల్పమున ముట్టడింపఁబడిన అలారిక్ బయటఁబడుటకుఁ దూర్పు కొలువువారి ద్రోహము కారణమఁట. 402 ఏప్రిలు 6వ తేదీని, ఈస్టరు పండుగనాఁడు, పొలెన్షియాయొద్దఁ గోతుల శిబిరము పట్టువడినను అలారిక్‌ను బోనిచ్చుటకు రోము నగరముమీఁది యక్కఱ కారణమఁట. పిదప వెరోనాయొద్ద మఱల దొరకవలసినవాఁడు దొరకకుండుటకు అలను జాతి సైనికుని తొందరపాటు కారణమఁట. ఒక్కొక్క కారణము విడిగాఁ జూచిన నమ్మఁదగినదే. నాలుగింటిని వరుసగాఁ బెట్టి చూచినఁ బాఠకునకు సందేహము పుట్టక మానదు. ఒకే ఫలమునకు నాలుగు వేర్వేఱు హేతువులను జెప్పుట గౌరవము. వ్యాకరణమున నాలుగు సూత్రములు సాధించుదాని నొక్క సూత్రము సాధించినచో నదియే లాఘవము. ఇచట నా యొక్క హేతు వేది?

అలారిక్‌తో స్టిలికో లోలోపలఁ బొత్తు గలిపెనని శత్రువులు చెప్పిన హేతువు. అదియుఁ దేలికైన సమాధానమే, కాని సత్యము కాదు. అసలు హేతువు క్లాడియన్ కావ్యముననే యున్నది. కవి దానిని హేతువని యెఱుఁగక స్తుతిగా వ్రాసెను. 402 నాఁటి గోతుల యుద్ధకావ్యమునఁ గవి, ఇటలీని గాపాడుటకు రైను నది తీరమునుండియు బ్రిటను ద్వీపమునుండియు సేనలు వచ్చి చేరెనని చెప్పి, రైను సరిహద్దు కేవలము స్టిలికో పేరి భయముచేతనే కాపాడఁబడుచున్నదని పొగడెను. అతిశయోక్తి నించుక తొలఁగించి చూచినచో మిగులునది యిది: 402లోనే రైను తీరమునఁ జాలినంత కాపుసేన లేదు. పడమటి రాజ్యమునకు సేన మిక్కిలి కొఱఁత. పెద్ద భూస్వాములు తమ పొలములలోని కాఁపులను సేనలోనికిఁ బంప నొల్లక, మనుష్యులకు మాఱుగా ధనమిచ్చుటకు 397 ప్రాంతమున ననుజ్ఞ పొందిరి. ఆ ధనముతో నన్యజాతులవారినే కూలికిఁ దెచ్చుకొనవలెను. పొలెన్షియా యుద్ధమున రోము పక్షమునఁ బోరి చచ్చిన అలను నాయకునిమీఁద ద్రోహశంక యుండెననియు, అతఁడు ప్రాణమిచ్చి యా శంకను బాపెననియుఁ గవియే చెప్పుచున్నాఁడు. తన సేనలో నిట్టి శంకలు గల సేనాధిపతి, శత్రువును నిశ్శేషముగాఁ గూల్పఁబోయి తన సేనను నష్టపఱుచుకొనిన మఱల నట్టిది దొరకదు. అలారిక్ నాశముకంటె సేనారక్షణమే యతనికి ముఖ్యము. నాఁటి శత్రువు మఱునాఁడు కూలిసైనికుఁడు గావచ్చును. నాలుగుమాఱుల తప్పింపునకు నిదియే లఘువైన హేతువు.

ఈ హేతువు మఱియొక పెద్ద నిందను గూడఁ దీర్చును. 406 డిసెంబరు 31వ తేదీని వాండలులు, అలనులు, స్వేవులు రైను నది దాఁటి గాల్ దేశమునఁ బడిరి. స్టిలికో వాండలు సంతతివాఁడు గావున నతఁడే వారినిఁ బిలిచెనని ఒరోసియస్ మొదలగువారు వ్రాసిరి. నాలుగేండ్లకు ముందే రైను తీరము బోసిపోయియుండెనని క్లాడియన్ పద్యము సాక్ష్యమిచ్చుచుండఁగా, ఆ జాతులను బిలువవలసిన పని యెవ్వరికి? తలుపు తెఱచియున్న యింటికి దొంగను బిలుచుకొని రానక్కఱలేదు. స్తుతికై వ్రాసిన పద్యము స్టిలికోను ద్రోహమునుండి విడిపించుచున్నది. ఆ పద్యమే యిటలీకొఱకు గాల్ దేశమును బణమొడ్డెనను దోషమును మాత్రము నిలుపుచున్నది. ఈ రెండును వేర్వేఱు. దోషమును ద్రోహముగా లెక్కించుటయే ప్రాచీన చరిత్రకారులలోఁ బెక్కండ్రు చేసిన పొరపాటు.

కవి మౌనమును సాక్ష్యమే. ఆఫ్రికా నేలిన గిల్డో 397లోఁ దూర్పు పక్షమునఁ జేరి రోమునకు ధాన్యము రాకుండ నాఁపెను. అతని సహోదరుఁడును బద్ధశత్రువును నగు మాసెజెల్‌ను స్టిలికో సేనతోఁ బంపఁగా నతఁడు 398లో గిల్డోను సులభముగా నోడించెను. కొలఁదికాలములోనే మాసెజెల్ నీటఁబడి చచ్చెను. స్టిలికో యాజ్ఞచేతనే వంతెనమీఁదినుండి త్రోయఁబడెనని జోసిమస్ వ్రాసెను. క్లాడియన్ కావ్యము మొదటి సర్గతో, నావలు సార్డీనియా చేరుటతోనే నిలిచిపోయినది, యుద్ధఘట్టమే లేదు. 400 నాఁటి ప్రశస్తిలో విజయకీర్తి స్టిలికోకే చెందినది. నావలు నడపించి యుద్ధమునకు ముందు కలమును నిలిపిన కవికిఁ జెప్పరాని దేదియో యుండెనని తోఁచుట సహజము. హత్య జరిగెనని దీనివలన సిద్ధింపదు; మాసెజెల్ కీర్తి కొలువునకు రుచింపలేదని మాత్రము సిద్ధించును.

404 జనవరిలోఁ జదివిన ప్రశస్తి తరువాతఁ గాలము నిర్ణయింపఁదగిన క్లాడియన్ కృతి లేదు. 406 ఆగస్టున ఫీసులేయొద్ద రాడగైసస్ అను గోతు నాయకుని స్టిలికో నిశ్శేషముగా గెలిచెను. పట్టువడినవారిలో నుండి పండ్రెండువేలమంది శ్రేష్ఠులగు యోధులను దన సేనలోఁ జేర్చుకొనెనని ఒలింపియోడోరస్ చెప్పెను. ఇంతటి విజయమునకుఁ బద్యము లేదు గనుక నప్పటికిఁ గవి మృతుఁడై యుండునని తలఁచుట యుక్తము. అటుపిమ్మట దొరకు సాక్ష్యము శత్రువులదియుఁ దటస్థులదియు మాత్రమే.

ఆ శత్రువుల మాటలును బరీక్షింపవలసినవే. క్రైస్తవుఁడగు ఒరోసియస్, స్టిలికో తన కొడుకు యూకీరియస్‌ను జక్రవర్తిని జేయఁగోరెననియు, ఆ కొడుకు చర్చీలను గూల్చి ప్రాచీన దేవాలయములను బునరుద్ధరింప నెంచెననియు నిందించెను. ప్రాచీనమతస్థుఁడగు రుటిలియస్ తన యాత్రాకావ్యమున, స్టిలికో రోము పూర్వుల పవిత్రభవిష్యద్గ్రంథములను గాల్చెనని శపించెను. ఒకరికి దేవాలయముల మిత్రుఁడు, ఒకరికి దేవతల శత్రువు. ఓడినవానిమీఁద నుభయపక్షములును దమ కోపమును గ్రుమ్మరించెననుటకు నిదియే దృష్టాంతము. జోసిమస్ గ్రంథ మింకను విచిత్రము. ఇంచుమించు 500 ప్రాంతమున వ్రాయఁబడిన యా గ్రంథమున మొదటిభాగమున స్టిలికో లంచగొండి, భోగలాలసుఁడు. కడపట నా కాలపు టధికారులందఱిలో మితవర్తనుఁడు, పదవులను ధనమున కమ్మనివాఁడు. మనుష్యుఁడు మాఱలేదు; ఆధారగ్రంథము మాఱినది. జోసిమస్ మొదట యునేపియస్‌ను, పిదప ఒలింపియోడోరస్‌ను ననుసరించెను. ఆ రెంటి యతుకును సరిచూడకయే యతఁడు విడిచెను. గ్రంథమంతయు నేకకర్తృకమని నమ్మి రెండు వాక్యములను సమన్వయింపఁజూచువాఁడు వ్యర్థముగా శ్రమపడును.

408లో అలారిక్ తన సేవకు నాలుగువేల (4,000) పౌండ్ల బంగారమడుగఁగా, స్టిలికో బలవంతముచేత సెనేటు సమ్మతించెను. ఇది సంధి కాదు, దాస్యమునకుఁ జేసిన యొడంబడిక యని లాంపాడియస్ అను సభ్యుఁడు నిందించి, భయపడి చర్చిలోఁ దలదాఁచుకొనెను. ఆ మే నెలలో ఆర్కేడియస్ మరణించెను. అతని బాలపుత్రుని తొలఁగించి యూకీరియస్‌ను దూర్పు సింహాసనమున నెక్కింప స్టిలికో యత్నించుచున్నాఁడని ఒలింపియస్ అను నధికారి హొనోరియస్ చెవిని వేసెను. ఆగస్టు 13వ తేదీని టికీనమునఁ జక్రవర్తి సమక్షమున సైనికులు తిరుగఁబడి స్టిలికో పక్షపు టధికారులను జంపిరి. స్టిలికో బొనోనియాలో నుండెను. అతని చుట్టు నున్న యన్యజాతి సేనలు రోమను సేనమీఁదఁ బడుదమని తొందరపెట్టెను. చక్రవర్తి బ్రతికియున్నాఁడని తెలియఁగానే యతఁ డందుల కంగీకరింపలేదు. అంతియ కాక, తన సైనికుల యాలుబిడ్డలున్న నగరములకు నా సైనికులను లోనికి రానీయవలదని కబురంపి, రవెన్నాకుఁ బోయెను. చర్చిలో శరణుజొచ్చినవానిని బ్రాణహాని లేదని ప్రమాణము చేసి వెలికిఁ దెచ్చి, వెంటనే మరణదండన పత్రము చూపిరి. విడిపింపఁబోయిన యనుచరులను బెదరించి వారించి, ఆగస్టు 22వ తేదీని స్టిలికో మెడ యొగ్గెను.

ఈ ఘట్టమును వర్ణించినది పొగడ్తకవి కాదు. రాజ్యమును హరింపఁగోరువాఁడు సేన చేతనుండఁగా, కారణము దొరకియుండఁగా, యుద్ధమును మానునా? సమర్థుఁడై యుండియు మానుటయే యతని శీలమునకుఁ బ్రమాణము. క్లాడియన్ తొమ్మిదేండ్లు వ్రాసిన పద్యములన్నియు సాధింపలేనిదాని నీ యొక్క దినము సాధించినది.

తరువాత జరిగినదియు నా తీర్పునే బలపఱుచును. నగరములందున్న యన్యజాతి సైనికుల యాలుబిడ్డలను రోమను సైనికులు చంపఁగా, ముప్పదివేలకు (30,000) మించిన యోధులు అలారిక్‌తోఁ గలిసిరి. 4,000 పౌండ్లకు దాస్యమని యేడ్చిన రోము, ఆ యేఁడు కడపటనే ముట్టడి తొలఁగించుటకు 5,000 పౌండ్ల బంగారమును, 30,000 పౌండ్ల వెండిని, 3,000 పౌండ్ల మిరియములను నిచ్చెను. 410 ఆగస్టు 24వ తేదీని నగరమే కొల్లపోయెను. రోము ప్రాంగణమున గోతులమీఁది విజయమునకై నిలిపిన శాసనమొకటి నేఁటికిని గలదు. అందు స్టిలికో పేరున్న పంక్తి చెక్కివేయఁబడినది. చక్రవర్తుల పేరులున్నవి, విజయమున్నది. గెలిచినవాని తావున గీఁతలు మాత్రమే యున్నవి.

ఆధునికులలో గిబ్బన్ క్లాడియన్‌ను విరివిగా వాడుకొనెను. ఆలన్ కామెరన్ 1970లోఁ బ్రకటించిన విమర్శగ్రంథమున నా కవిని స్టిలికో పక్షప్రచారకునిగా నిరూపించెను. ఆ నిరూపణము సమంజసమే. కాని ప్రచారమని పేరుపెట్టి యంతటితో విడిచినఁ జాలదు. ప్రచారకుఁడు దేనికి సమాధానము చెప్పుచున్నాఁడో దానిని వెదకి తీయుట విమర్శకుని పని. ఈ పద్ధతి భారతదేశ చరిత్రకును వలయునదే. బిల్హణుఁడు విక్రమాంకదేవచరితమునఁ దండ్రి యౌవరాజ్యమిత్తునన్నను విక్రమాదిత్యుఁ డన్న యుండఁగాఁ గాదనెనని విస్తరించి చెప్పుట, అన్నను ద్రోచి 1076లో రాజ్యము గొనెనను నిందకుఁ బ్రతిషేధము గాక మఱేమి? కల్యాణపు చాళుక్యుల శాసనములను జదువువా రా కావ్యము నీ దృష్టితోఁ జదివినచో లాభము పొందుదురు.

స్టిలికో నిర్దోషి కాఁడు. ఆర్కేడియస్‌మీఁద సంరక్షకత్వమును గోరి రెండు రాజ్యములకు వైరము పెంచెను. కూఁతుల నొకరి తరువాత నొకరిని హొనోరియస్ కిచ్చి యధికారమును దన యింట బంధింపఁజూచెను. రైను తీరమును విడిచెను. ద్రోహి మాత్రము కాఁడు. దోషములను దాఁచఁబోయిన కవియే వానిని జూపెను. ద్రోహమును జూపఁబోయిన శత్రువులే తమలోఁ దాము విరోధించి దానిని లేదనిపించిరి. పొగడ్తలోఁ బ్రతిషేధమును, తెగడ్తలోఁ బరస్పరవిరోధమును గనిపెట్టఁగలవానికిఁ బ్రశస్తియుఁ బ్రమాణమే, దూషణమును బ్రమాణమే. కనిపెట్టలేనివానికి రెండును వట్టి మాటలు.